గేరు మార్చారా, గేరు వేశారా?

సందేహం: మా నాన్నగారి 1968 నాటి అంబాసిడర్ ఇప్పటికీ మా దగ్గరే ఉంది. గేరు స్టీరింగు పక్కనే ఉండే బండి. కొన్నాళ్లుగా గేరు సరిగ్గా పడడం లేదు. ఈమధ్య గేరు మీటను గేర్‌బాక్సుతో కలిపే లింకేజీలో అరిగిన బుష్షులు (కీళ్ల దగ్గర పిన్ను చుట్టూ ఉండే చిన్న ఉంగరాల్లాంటివి) తీయించి కొత్తవి వేయించాను. ఆ సంగతంతా రాసి ‘పురాతన కారులో గేరు మార్పిడి అనుసంధాన విడిభాగాల మార్పిడి’ అని పేరు పెట్టాను. మా మెకానిక్ అది చదివి, ‘‘గేర్‌బాక్సు మనం ముట్టుకోనే లేదు కదండీ, గేరు మార్చామని రాశారేంటి?’’ అన్నాడు. నా తెలుగులో తప్పుందా? అరిగిన, అరిగిపోయిన, తరిగిన – వీటిలో ఏది రాయాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ మీ మెకానిక్ అడిగింది న్యాయమైన ప్రశ్న.

‘మార్చు’ అనే క్రియకు రెండు పనులున్నాయి. దారి మార్చాడు, గొంతు మార్చాడు అన్నప్పుడు ఉన్నదాన్నే ఇంకో తీరుకు తేవడం. బల్బు మార్చాడు, టైరు మార్చాడు అన్నప్పుడు ఒకటి తీసేసి ఇంకొకటి పెట్టడం. గేరు విషయంలో రెండూ కుదురుతాయి. డ్రైవరు మలుపు మలుపుకీ గేరు మారుస్తాడు. పళ్లు విరిగితే మెకానిక్ కూడా గేరు మారుస్తాడు. పైగా మీ శీర్షికలో ‘మార్పిడి’ రెండుసార్లు వచ్చింది, ఒక్కోచోట ఒక్కో అర్థంతో. నోట్ల మార్పిడి, అవయవ మార్పిడి, కుండమార్పిడి పెళ్లి – ఈ మాట ఎక్కడ విన్నా ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడమే మనసులోకి వస్తుంది. అందుకే ఆయనకు గేర్‌బాక్సు విప్పినట్టు అనిపించింది.

డ్రైవర్లు ఈ చిక్కును ఎప్పుడో తప్పించుకున్నారు. వాళ్లు గేరు ‘వేస్తారు’. ‘‘రెండో గేరు వెయ్యి’’, ‘‘మూడోది పడట్లేదు’’ – ఈ రెండు మాటలూ వినని తెలుగువాడు ఉండడు. తాళం వేస్తాం, తాళం పడుతుంది. గడియ వేస్తాం, గడియ పడుతుంది. ముడి వేస్తాం, ముడి పడుతుంది. మనిషి చేసేది వేయడం, వస్తువు తన చోట కుదురుకోవడం పడడం. ఇక్కడ ‘పడు’ అంటే కింద పడడం కాదు. గేరు అనే ఇంగ్లీషు మాట వచ్చి తాళం, గడియల వరసలో కూర్చుంది. ఎవరూ కమిటీ వేసి నిర్ణయించలేదు, బండి నడిపేవాళ్లు నోటితోనే కుదిర్చారు. ఇలాంటిది చూసినప్పుడల్లా నాకు మన భాష మీద ధైర్యం పెరుగుతుంది.

మీ అంబాసిడర్‌లో ఈ రెండు క్రియల మధ్య ఎడం కంటికి కనిపిస్తుంది కూడా. చెయ్యి ఉండేది స్టీరింగు పక్కన. గేర్‌బాక్సు ఉండేది కింద, ఇంజిను వెనక. మధ్యలో మీటలు, కడ్డీలు, కీళ్లు. ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ బుష్షు. ఒక్కో బుష్షులో వచ్చిన కాస్త వదులు పక్కదాని వదులుతో కలుస్తుంది. చివరికి పైన మీట బెత్తెడు కదిలినా, ఆ కదలికలో కొంత దారిలోనే పోతుంది. చెయ్యి వేసింది కానీ గేరు పడలేదు. వేయడానికీ పడడానికీ మధ్య ఉన్నదే లింకేజీ.

దాన్ని ‘అనుసంధానం’ అనడం నాకు నచ్చలేదు. నదుల అనుసంధానం, ఆధార్ అనుసంధానం చదివి చదివి ఆ మాటలో ఇనుము కనిపించకుండా పోయింది. తెలుగే కావాలంటే ‘లంకె’ ఉంది, లంకెబిందెల్లోని లంకె. అయినా మీరు రాసేది బండి గురించి కాబట్టి ‘గేరు కడ్డీలు’ అనండి, మొత్తాన్ని చెప్పాల్సి వస్తే లింకేజీ అనే అనండి. బుష్షును మాత్రం కదపొద్దు. దానికి కొత్త పేరు పెడితే దుకాణంలో దొరకదు.

ఇక అరగడం. ఈ జవాబు రాసే ముందు ఒక షెడ్డుకు వెళ్లి, తీసి పారేసిన బుష్షు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. బల్ల మీద నా ఎదురుగానే ఉంది. చిన్న ఉంగరమంత. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కోలగా అయింది. ఒక పక్క అంచు మందంగానే ఉంది, ఎదుటి పక్క కాగితంలా పలచబడింది. మధ్యలో గట్టిపడిన నల్లటి గ్రీజు. బండి ఇరుసుకు కందెన పెట్టే అలవాటున్న మన పెద్దలు చూస్తే, దీనికి ఎంతకాలంగా గ్రీజు అందలేదో ఇట్టే చెప్పేవారు.

దీన్ని ‘అరిగిన’ అనను, ‘అరిగిపోయిన’ అంటాను. పండు పండింది అంటే తినొచ్చు, పండిపోయింది అంటే ఆలస్యమైందన్నమాట. ఇలాంటి చోట ‘పోవు’ చేరితే పని హద్దు దాటిందని, ఇక వెనక్కి రాదని అర్థం. అరిగిన టైరుతో ఇంకొన్నాళ్లు తిరగొచ్చు, అరిగిపోయిన టైరుతో ఊరు దాటకూడదు. మీరు తీయించిన బుష్షులు ఏ దశలో ఉన్నాయో మీకే తెలుసు, దాన్ని బట్టి రాయండి. ‘తరుగు’ వేరు. అది కొలతకు సంబంధించింది: బంగారంలో తరుగు, ధాన్యంలో తరుగు. రాపిడికి ఒంటి మీద జరిగేది అరగడం, దానివల్ల లెక్కలో తగ్గేది తరగడం. ‘బుష్షు అరిగి, మందం తరిగింది’ అనే వాక్యంలో రెండూ తమ తమ చోట్ల ఉన్నాయి.

‘విడిభాగాలు’ దగ్గర చిన్న పట్టింపు ఉంది నాకు. బండికి బిగించి ఉన్నది భాగం. దుకాణంలో అట్టపెట్టెలో ఉన్నది విడిభాగం. ‘అరిగిన విడిభాగాలు’ అంటే కొట్టులో ఉండగానే అరిగినట్టుంది. అరిగిన భాగాలు తీసి విడిభాగాలు వేశారు. అంబాసిడర్ తయారీ 2014 మేలోనే ఆగిపోయింది కాబట్టి, కొన్నిటిని లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చేయించి ఉంటారు కూడా. లేత్‌కు ‘తరిమెన’ అనే చక్కని మాట ఉంది. వ్యాసంలో ఎక్కడైనా ఒకచోట వాడితే సంతోషిస్తాను.

‘పురాతన’ గుళ్లకూ శాసనాలకూ ఉంచుదాం. ‘పాత కారు’ అంటే సెకండ్ హ్యాండ్ కారని జనం అనుకుంటారు. మీది పాతకాలపు కారు. వింటేజ్ అన్నా తప్పులేదు: 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాహనం వింటేజ్ కిందికి వస్తుంది.

శీర్షిక ఇలా పెట్టి చూడండి: ‘మా అంబాసిడర్ గేరు కడ్డీలకు కొత్త బుష్షులు’. మొదటి వాక్యం మీ ఉత్తరంలోనే ఉంది: ‘కొన్నాళ్లుగా గేరు సరిగ్గా పడడం లేదు.’ అచ్చుకు ఇచ్చే ముందు మీ మెకానిక్‌కు మరోసారి చదివి వినిపించండి.