సమ్మర్ క్యాంపులో పని వెతుక్కుంటున్న నీకు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నా, ఈసారి సెలవుల్లో పిల్లల సమ్మర్ క్యాంపులో పని చేయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ఏళ్ల తరబడి క్యాంపులకు మనుషుల్ని ఎంపిక చేసినదాన్ని కాబట్టి, ఎంపిక చేసేవాళ్లు ఏం చూస్తారో చెబుతాను. నీ హుషారు, ఆటపాటలు తర్వాత. ఈ అబ్బాయి చేతుల్లో పిల్లల్ని వదిలి మేం నిశ్చింతగా ఉండగలమా అన్నదే మొదటి ప్రశ్న.

ఎండలు ముదిరాక వెతికితే మిగిలేవి ఎవరో మానేసిన పోస్టులే. నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టు. పగటి క్యాంపా, రాత్రి కూడా అక్కడే ఉండేదా అన్నది ముందే తేల్చుకో. రెండోదైతే, పక్క తడిపిన పిల్లాడి దుప్పటిని అర్ధరాత్రి మిగతావాళ్లకు తెలియకుండా మార్చడం కూడా నీ ఉద్యోగమే. తిండి, బస వాళ్లే చూసుకుంటారు కనుక చేతికి వచ్చే జీతం తక్కువే ఉండొచ్చు. డబ్బే ముఖ్యమైతే వేరే పని చూసుకో, మొహమాటం లేకుండా చెబుతున్నా.

దరఖాస్తులో 'నాకు పిల్లలంటే ఇష్టం' అని రాయకు, అందరూ అదే రాస్తారు. ఏ వయసు పిల్లలతో ఏం చేశావో రాయి. పక్కింటి పిల్లలకు చెస్ నేర్పావు కదా, ఓడిపోయి బోర్డు తోసేసిన పిల్లాణ్ని మళ్లీ ఆటకెలా కూర్చోబెట్టావో మూడు వాక్యాల్లో చెప్పు చాలు. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి ప్రాణం కాపాడే పద్ధతి) నేర్చుకుని సర్టిఫికెట్ జతచెయ్యి. ఈత బాగా వచ్చు కాబట్టి లైఫ్‌గార్డ్ కోర్సు కూడా చేస్తే ఇంకా మంచిది, అలాంటివాళ్ల కోసం క్యాంపులే వెతుక్కుంటాయి. రిఫరెన్స్‌కు బంధువులు పనికిరారు, నేను కూడా. నువ్వు పని చేస్తుంటే చూసిన టీచర్నో కోచ్‌నో ముందుగా అడిగి, వాళ్ల పేరు ఇవ్వు.

ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు దాదాపు ఖాయం. ఇంటి మీద బెంగతో రాత్రి ఒక పిల్ల ఏడుస్తోంది, ఏం చేస్తావు? 'రేపు మీ అమ్మను పిలిపిస్తాలే' అని మాటివ్వకూడదు. అది జరగకపోతే మర్నాడు ఆ పిల్ల నిన్ను నమ్మదు. బెంగ పెట్టుకోవడం తప్పు కాదని చెప్పి, ఇంటి కబుర్లు కాసేపు విని, పొద్దున్నే ఏదో చిన్న పని అప్పగించి, సీనియర్‌కు తెలియజేస్తానని చెప్పు. ఇక రెండోది: 'ఎవరికీ చెప్పనంటేనే చెబుతా' అని పిల్లాడు అంటే? ఒప్పుకోకూడదు. 'నీ మంచి కోసం చెప్పాల్సి వస్తే, చెప్పాల్సినవాళ్లకు మాత్రమే చెబుతా' అనాలి. ఇక్కడ తడబడినవాళ్లు ఎంత చురుగ్గా ఉన్నా నేను తీసుకోలేదు.

నువ్వు కూడా వాళ్లను ప్రశ్నలు అడుగు, ఎవరూ తప్పు పట్టరు. ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లల్ని అప్పగిస్తారు? అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం, రాత్రి బస ఉండే క్యాంపుల్లో 6–8 ఏళ్ల పిల్లలైతే ఆరుగురికి ఒకరు, 9–14 ఏళ్లవాళ్లయితే ఎనిమిదిమందికి ఒకరు ఉండాలి. ఎక్కడి క్యాంపుకైనా దీన్ని కొలతగా పెట్టుకో. ఇరవైమందిని నీ ఒక్కడికే వదిలేస్తామంటే వద్దనెయ్. పిల్లల మందులు ఎవరి దగ్గర ఉంటాయి, అలర్జీలున్న పిల్లల వివరాలు మీకు ముందే ఇస్తారా, నీళ్ల దగ్గర కాపలా ఎవరు, పిల్లలు రాకముందు మీకు ఎన్ని రోజులు శిక్షణ, వారంలో సెలవుందా అనేవీ అడుగు. ఏ పెద్దవాళ్లూ ఒక పిల్లతో ఎవరికీ కనబడని చోట ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందో లేదో తప్పకుండా కనుక్కో. అది పిల్లలకూ రక్షణే, నీకూ రక్షణే. నీ గురించి ఏ విచారణా చేయకుండా వెంటనే రమ్మనే చోటికి వెళ్లకు, ఎందుకంటే మిగతా సిబ్బందినీ వాళ్లు అలాగే తీసుకుని ఉంటారు.

పరీక్షల తేదీలు క్యాంపు రోజులతో కలుస్తాయేమో ఈ వారమే చూసుకో. కలిస్తే ఇంటర్వ్యూలోనే చెప్పెయ్. పిల్లలు నీకు అలవాటు పడ్డాక మధ్యలో వచ్చేయడం మాత్రం వద్దు నాన్నా.

ప్రేమతో,
పెద్దమ్మ