పొదుగుకొచ్చిన పెట్ట గురించి మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మడుకి, అత్త దీవించి రాయునది.

ఘట్‌కేసర్‌లో మీరు కట్టుకున్న ఇంటి పెరట్లో నాటుకోళ్లు పెంచుతున్నావని, ఎర్రపెట్ట ఒకటి నాలుగు రోజులుగా మోటారు వెనక గోనెసంచుల మీంచి లేవట్లేదని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో కోడిని చేత్తో పట్టుకునే ఆడపిల్ల ఇంకా ఒకతి ఉందని సంతోషమేసింది. వెంటనే టెన్షన్ పట్టుకుంది. ఇద్దరివీ ఉద్యోగాలు, బడికెళ్లే పిల్లాడు, మళ్లీ ఇదొకటా అని. "కోడికి అన్నీ తెలుసు, దాని మానాన దాన్ని వదిలెయ్యమన్నాను" అన్నాడు మీ నాన్న. అది విన్నాకే కాగితం, పెన్ను తీశాను. ఈ విషయంలో వాడి మాట వినకు.

ముందు అది పొదుగుకొచ్చిందో, ఒంట్లో బాగోక మూల చేరిందో తేల్చుకో. దగ్గరికెళ్లి చెయ్యి చాపు. పొదుగుకొచ్చిన పెట్టయితే ఈకలన్నీ ఉబ్బించి, గొంతులో గుర్రుమంటూ పొడుస్తుంది. పొట్ట కింద ఈకలు రాలి, చర్మం బోసిగా, వేడిగా తగుల్తుంది. రోజుకోసారి లేచి, గబగబా నాలుగు గింజలు తిని, ఇంత పెద్ద రెట్ట వేసి (ఆ కంపే వేరు) మళ్లీ వెళ్లి కూర్చుంటుంది. రాత్రి మిగతావి కర్రెక్కినా అది ఎక్కదు. జబ్బు కోడి పొడవదు. కళ్లు మూసుకుని, రెక్కలు జార్చి ఉంటుంది. రెట్ట ఆకుపచ్చగా నీళ్లలా పోతుంటే పొదుగు మాట పక్కనపెట్టి, దాన్ని వేరుచేసి, పశువుల ఆసుపత్రికి పరిగెత్తు. కొక్కెర తెగులైతే ఒక్క కోడితో ఆగదు.

చెయ్యి చాపమన్నాను కదా అని టార్చి వేసి చూడకుండా చాపితే నా మీద ఒట్టే. ఆ గోనెసంచుల చోటు నాకు అస్సలు నచ్చలేదు. గుడ్లు, ఎలుకలు, చీకటి ఉన్నచోటికి పాము రాక మానదు. మా అత్తగారు పొద్దువాలాక గడ్డివాము పక్కన గుడ్ల కోసం చెయ్యి పెట్టి కాటు తిన్నారు. బతికారు గానీ ఆ చూపుడువేలు మళ్లీ వంగలేదు. బాబుకి గుడ్లు ఏరడం సరదా అట. ఆ సరదా ఇవాళ్టితో మాన్పించు. గోనెసంచులు తీయించి, చుట్టూ శుభ్రం చేయించు. మిగతా ఉత్తరం ఆ తర్వాత చదువుకోవచ్చు.

ఇక అసలు సంగతి. పక్కింటివాళ్లకి కూత పడదని పుంజుని తేలేదట కదా. అయితే ఆ పెట్ట ఎన్నాళ్లు కూర్చున్నా దాని కింద గుడ్లు పిల్లలు కావు. కొట్లో కొన్న లేయర్ గుడ్లూ అంతే. పిల్లలు కావాలంటే పుంజు తొక్కిన గుడ్లు బయటినుంచి తేవాలి, వద్దంటే పొదుగు మాన్పించాలి. రెండూ చెయ్యకుండా వదిలేస్తే అది తిండి సరిగ్గా తినక సగమైపోతుంది, గుడ్లూ పెట్టదు.

మాన్పించడానికి నీళ్లలో ముంచమని ఎవరైనా చెప్తారు, వినకు. ముక్కులో ఈక గుచ్చేవాళ్లు కూడా ఉండేవారు మా రోజుల్లో, పాపం. అడుగున జాలీ ఉన్న బోనుని ఇటుకల మీద ఎత్తిపెట్టి, గడ్డి వెయ్యకుండా, నీడలో మూడు నాలుగు రోజులు అందులో ఉంచు. మేత, నీళ్లు మామూలే. కిందనుంచి గాలి తగిలి పొట్ట చల్లబడితే ఆ ధ్యాస పోతుంది. మళ్లీ గుడ్లకి రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోపు కోసేద్దామని మీ ఆయన అంటే నా పేరు చెప్పు.

కానీ నీకు పిల్లల్ని లేపించాలని ఉందట. సరే, అయితే మీ నాన్న సంగతి విను.

వాడికి పదేళ్లప్పుడు, భీమవరం దగ్గర మన పాతింట్లో, వడ్ల గాదె వెనక మీ నాయనమ్మ ఒక నల్లపెట్టని పదకొండు గుడ్ల మీద కూర్చోబెట్టింది. చూసుకునే పని వాడిది. ఎన్ని గుడ్లుంటే అన్ని పిల్లలని వాడి ఆశ. మిగతా పెట్టలు పెట్టిన గుడ్లని ఎవరికీ చెప్పకుండా ఒక్కోటీ తీసుకెళ్లి దాని కింద దూర్చేవాడు. పెట్ట పొట్ట కింద ఎన్నని పడతాయి? అంచున ఉన్నవి చల్లబడేవి. అది వాటిని లోపలికి లాక్కుంటే లోపలివి బయటికొచ్చేవి. ఇరవై ఒకటో రోజున ఐదు పిల్లలు లేచాయి. వీడి గంతులు ఇంతా అంతా కాదు. మర్నాటికల్లా పెట్ట ఆ ఐదింటినీ వెంటేసుకుని పెరట్లోకి దిగిపోయింది. పిల్లలు నడక మొదలెట్టాక తల్లికోడి వెనక మిగిలిన గుడ్లని పట్టించుకోదు. వీడు ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని, తెల్లమొహం వేసుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నేనూ విన్నాను. లోపల్నుంచి కీచుకీచుమంటోంది.

పెట్టని పట్టుకొచ్చి గుడ్ల మీద గంప బోర్లిస్తే, బయట పిల్లల కోసం గోలపెట్టి రెండు గుడ్లు తొక్కేసింది. మిగతావి పాత చీరముక్కలో చుట్టి పొయ్యిగట్టు మీద పెట్టాడు. ఒకపక్క మాడిపోయే వేడి, ఇంకోపక్క చల్లన. ఒక్కటి మాత్రం ముక్కుతో చిన్న కన్నం చేసింది. లోపలి పొర ఎండి బిగుసుకుపోయింది, బయటికి రాలేకపోయింది. తెల్లారేసరికి కీచుమనడం ఆగిపోయింది. మీ నాయనమ్మ వాణ్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. చాన్నాళ్లు గుడ్డు కూర వండితే కంచం పక్కకి నెట్టేసేవాడు. వాడు అదేం మర్చిపోలేదమ్మా. నువ్వు భయపడతావని "కోడికి అన్నీ తెలుసు" అంటాడు, అంతే.

అందుకని గుడ్లన్నీ ఒకేసారి పెట్టు. ప్రతిదానికీ చుట్టూ పెన్సిల్‌తో గీత గియ్యి. పెట్ట మేతకి లేచినప్పుడు చూసి, గీత లేనిది కనిపిస్తే తీసి ఆమ్లెట్ వేసుకో.

తట్టలో ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచి, పిల్లి దూరని గదిలో పెట్టు. రాత్రి చీకట్లోనే పెట్టని మార్చు, పగలైతే పాత చోటికే పోతుంది. ముందు మామూలు గుడ్లు రెండు పెట్టి, కుదురుకుందని చూశాక అసలువి పెట్టు. రెక్కల కింద పేలుంటే బూడిద చల్లు. నవ్వుతావు గానీ, తట్టలో ఇనప మేకు, బొగ్గుముక్క కూడా వెయ్యి. ఉరుములకి గుడ్లు మురుగుతాయని మీ నాయనమ్మ వేసేది. మేకుతో పోయేదేముంది.

ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటుకి అడ్డంపెట్టి చూడు. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే బిడ్డ ఉన్నట్టే. ఏమీ లేనివి తీసెయ్యి. పద్దెనిమిదో రోజు దాటాక ముట్టుకోకు. పిల్ల పెంకు పగలగొట్టుకోడానికి దాదాపు రోజంతా పట్టొచ్చు. ఆగలేక నువ్వు ఒలిచావంటే రక్తం వస్తుంది. పుట్టిన మొదటి రోజు వాటికి మేత అక్కర్లేదు. నీళ్లు మాత్రం లోతులేని పళ్లెంలో గులకరాళ్లు వేసి పెట్టు, లేకపోతే మునిగిపోతాయి. మొదటి వారంలో కొక్కెర తెగులుకి చుక్కల మందు, ఎనిమిదో వారంలో సూది. ఇవి మర్చిపోతే పడ్డ కష్టమంతా వృథా.

గుడ్ల కోసం ఎక్కడా వెతక్కు. బాబాయి శుక్రవారం నర్సాపురం రైలుకి వస్తున్నాడు. ఈ వారంలో పెట్టినవి పన్నెండు గుడ్లు, ఊక పోసిన స్టీలు డబ్బాలో, సన్నటి మొన కిందికి ఉండేలా సర్ది ఇస్తున్నాను. రైలు కుదుపులు తిని వస్తాయి కాబట్టి ఒక రోజు కదపకుండా చల్లటి చోట ఉంచి, మర్నాడు రాత్రి పెట్ట కింద పెట్టు. ఫ్రిజ్‌లో పెట్టావంటే ఊరుకోను. డబ్బా జాగ్రత్త, బాబాయి చేతికే తిరిగిచ్చి పంపు. అది నా అరిసెల డబ్బా.

ఇట్లు
మీ అత్త