ముందు నేల సంగతి చూడు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ కూతురి సంగతి విన్నావా" అంది. నీ మీద కోపం వచ్చినప్పుడల్లా నువ్వు నా కూతురివైపోతావులే. వచ్చే నెల ఫ్లెమిష్ జెయింట్ అనే పెద్దజాతి కుందేలు పిల్లను తెచ్చుకుంటున్నావట, పెద్దయ్యాక ఏడెనిమిది కిలోలు తూగుతుందట, "అది కుందేలా, మేకపిల్లా అక్కా?" అని గొడవ. అప్పుడు నవ్వాను కానీ, ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు.

నాకు సంతోషం కాదనుకునేవు. నీకు ఏడాది నిండేసరికి నువ్వు 9 కిలోలు, మా కుందేలు భీముడు ఏడున్నర. వాడి పొట్టకానుకుని నిద్రపోయేదానివి. వాడు పక్కకు జరిగితే ఏడ్చేదానివి. ఆ పిల్ల ఇప్పుడు అదే జాతి కుందేలును పెంచుతానంటే గర్వంగా ఉండదూ? భయం కూడా వేస్తుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందు ఆ ఫోటో గురించి. మీ అమ్మ నాకూ పంపింది. డారియస్ అనే కాంటినెంటల్ జెయింట్, 129 సెంటీమీటర్ల పొడవుతో 2010లో గిన్నిస్‌కెక్కిన కుందేలు. అది చూసి మురిసిపోయావట. మురిసిపో, కానీ అలాంటి ఫోటోల్లో మనుషులు ఎత్తుకున్నట్టు నువ్వు ఎత్తకు. కుందేలు ఒంట్లో బలమంతా వెనక కాళ్లలోనే ఉంటుంది, ఎముకలేమో పుల్లల్లాంటివి. గాల్లో కంగారుపడి ఒక్క తన్ను తన్నుకుందంటే దాని నడుం అదే విరగ్గొట్టుకుంటుంది. ఎత్తక తప్పకపోతే ఒక చెయ్యి రొమ్ము కింద, రెండోది పిర్రల కింద పెట్టి, నీ పొట్టకు హత్తుకుని ఎత్తు. అసలు ఎత్తడమే మానేసి, నువ్వే నేల మీద కూర్చుంటే ఇంకా మంచిది. అదే వస్తుంది నీ దగ్గరికి.

తిండి సంగతి పెద్ద విద్యేమీ కాదు. రోజంతా ఎండుగడ్డి అందుబాటులో ఉండాలి. గుళికల మేత కొద్దిగా, ఆకుకూరలు కాస్త, నీళ్లు ఎప్పుడూ. క్యారెట్ దానికి మిఠాయి లెక్క. పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసేది ఆ గడ్డే. గడ్డి లేకపోతే నీ ఛార్జర్ వైరు. (ఉన్నా వైరు కొరుకుతుందనుకో. వైర్లన్నీ గొట్టాల్లోకి ఎక్కించెయ్.) మలమూత్రాలకు పిల్లుల ట్రే కొనకు. ముందు సగం బుద్ధిగా లోపల కూర్చుంటుంది, పని మాత్రం బయట ఉన్న వెనక సగంతో కానిస్తుంది. బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు తీసుకుని ఒక పక్క అంచు కోయించు.

ఇక నేల.

భీముడొచ్చిన కొత్తలో నేనొక బోను చేయించాను. పెద్దదే, నిలబడి చెవులు నిక్కించినా తగలనంత ఎత్తు. అడుగున ఇనుప జాలీ వేయించాను, పెంటికలు కిందికి రాలిపోతాయి, రోజూ ఊడ్చే పని తప్పుతుందని. కుందేళ్లు పెంచిన పెద్దాయన ఒకరు చూసి "చిన్నజాతికే జాలీ మంచిది కాదమ్మా, ఇంత బరువున్నదానికి అసలే వద్దు" అన్నారు. నేను వింటేగా! నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సామెత కోసం అనడం లేదు, ముందు ముందు నీకే తెలుస్తుంది.

ఏడెనిమిది నెలలు బాగానే గడిచింది. పెద్దజాతి ఏడాది దాటినా పెరుగుతూనే ఉంటుంది కదా, వీడూ పెరిగాడు. బరువెక్కేకొద్దీ నెమ్మదించాడు. తలుపు తీసినా దూకి వచ్చేవాడు కాదు. ఇంటికొచ్చిన వాళ్లంతా "అబ్బ, ఎంత సాధువో!" అనేవాళ్లు. ఈ జాతికి ఆ పేరు ఉండనే ఉంది, అంత ఒళ్లేసుకుని చీమకైనా హాని చెయ్యదని. నా పెంపకమే అలాంటిదని నేనూ పొంగిపోయేదాన్ని.

నీళ్లగిన్నె ఒరగకుండా దాని కింద ఒక అట్టముక్క పరిచాను. జానెడు వెడల్పు ఉంటుందేమో. అంత బోనులోనూ వాడు ఎప్పుడూ ఆ అట్ట మీదే, గిన్నెకు ఒరుసుకుని, ముడుచుకుని కూర్చునేవాడు. నీళ్లంటే ఇష్టం కాబోలనుకున్నాను. ఒక్కోసారి ఒక వెనక కాలు పైకి తీసి, మూడు కాళ్ల మీద ఉండేవాడు. అది చూసి నవ్వుకున్నాను కూడా.

ఒకరోజు గిన్నె కడుగుదామని తీస్తే అట్ట మీద నాణెమంత గోధుమరంగు మరక కనిపించింది. వేలితో ముట్టుకుంటే అంటుకుంది. అప్పుడు తిప్పి చూశాను వాడి అరికాళ్లు. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదానికి మెత్తలుండవు, ఉన్నదంతా బొచ్చే. మడమ దగ్గర ఆ బొచ్చు రాలిపోయి, చర్మం ఎర్రగా మెరుస్తోంది. ఎడమ కాలికి పుండు పడి, పక్కు కట్టి, మళ్లీ పగిలింది. కుందేలు చీము కారదు, గడ్డపెరుగులా గట్టిగా ఉంటుంది. డాక్టరు దాన్ని తీస్తూ తలెత్తకుండానే అడిగారు: "ఇది వారాల నాటిది. ఇన్నాళ్లూ మీరు కింద చూడలేదా?"

చూడలేదు. రోజూ చెవులు చూశాను, బొచ్చు దువ్వాను, బరువు తూచి డైరీలో రాశాను. వాడు ఏ తీగల మీద నిలబడ్డాడో ఆ అడుగు మాత్రం చూడలేదు. ఆ జానెడు అట్ట మీద కూర్చుని వాడు నాకు రోజూ చెబుతూనే ఉన్నాడు.

నాలుగు నెలలు కట్లు కట్టాం. నేను పట్టుకునేదాన్ని, కట్టింది మీ అమ్మే. నీకు చెప్పి ఉండదు. వాడు నొప్పికి పళ్లు కొరికినప్పుడల్లా తను కళ్లు తుడుచుకుంటూ కట్టింది. అందుకే చిట్టీ, తను ఇప్పుడు అరుస్తుంటే అది నీ మీద కోపమనుకోకు.

జాలీ పీకించేశాం. ఒక గది ఖాళీ చేసి, దళసరి తివాచీ పరిచి వాడికిచ్చేశాం. కట్లు విప్పిన వారానికి, ఒక సాయంత్రం, వాడు ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, నడుం ఒక వైపు, తల ఒక వైపు మెలిక తిప్పి, ధబ్బున పడ్డాడు. ఏడున్నర కిలోలు! నేను కాలు విరిగిందనుకుని పరుగెత్తాను. వాడు మళ్లీ ఎగిరాడు. కుందేళ్లు సంతోషం పట్టలేనప్పుడు అలా ఎగురుతాయి. అంతకు ముందు వాడు అలా చెయ్యగా నేనెన్నడూ చూడలేదు. ఆ నెలలోనే సోఫా అడుగు చీల్చాడు, తలుపు మూల చెక్కేశాడు, నా చెప్పులు రెండు జతలు తినేశాడు. సాధువూ లేదు, ఏమీ లేదు. పచ్చి రౌడీ!

అందుకే, నీ కుందేలు కదలకుండా బుద్ధిగా కూర్చుందని నువ్వు ఫోన్‌లో చెబితే నేను మెచ్చుకోను. కాళ్లు తిప్పి చూడమంటాను. గోళ్లు పెరిగినా బరువు మడమల మీదికి పోతుంది, కత్తిరిస్తూ ఉండు. ఒళ్లు పెరిగినా అంతే. కిందేసిన గడ్డి తడిగా ఉన్నా అంతే. తలనిమిరితే పళ్లు సన్నగా నూరుకోవడం హాయి, ముడుచుకుని గట్టిగా కొరుక్కోవడం నొప్పి. రెండూ చెవితో నేర్చుకోవాలి.

ఇంకొక కదలకపోవడం ఉంది, అది మరీ చెడ్డది. తిండి మానేసి, పెంటికలు వెయ్యక మూల కూర్చుంటే "రేపు చూద్దాం" అనకు. దాని పేగు ఆగిపోతోందన్నమాట, 12 గంటలు కూడా ఆగకూడదు. కాబట్టి కుందేళ్లకు వైద్యం చేసిన అనుభవమున్న డాక్టరును పిల్ల రాకముందే వెతుక్కో. కుక్కల, పిల్లుల మందులు సొంతంగా వెయ్యకు. అమాక్సిసిలిన్ నోట్లో పోస్తే కుందేలు పేగులో ఉండాల్సిన క్రిములు చచ్చి, దాని ప్రాణమే పోవచ్చు. ఆడదైతే ఆపరేషన్ చేయించు, వయసు పైబడితే గర్భసంచిలో క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది వీటికి. ఆపరేషన్ ముందు పస్తు పెట్టమని ఎవరైనా అంటే, ఆ డాక్టరుకు కుందేళ్లు తెలియవన్నమాట. కుందేలుకు వాంతి రాదు, పస్తు అక్కర్లేదు. ఎండ ముదిరితే చల్లటి గది చూడు, గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టు. చెమట పట్టని జంతువు, ఎక్కువగా చెవులతోనే వేడి వదులుకుంటుంది.

ఒక మాట చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చిన్న కుందేళ్లు పదేళ్లయినా బతుకుతాయి. ఈ పెద్దవి ఐదు నుంచి ఎనిమిదేళ్లు, అంతే. భీముడు ఆరేళ్లున్నాడు. ఎడమ మడమ మీద బొచ్చు మళ్లీ రాలేదు. ఆఖరి రోజుల్లో కూడా నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేవాడు. మా చిన్న ఇంటి నేలంతా వాడిదేననుకునేవాడు.

ఆ తివాచీ నా దగ్గరే ఉంది. ఒక మూల కొరికేశాడు గానీ మందం అలాగే ఉంది. ఉతికి ఆరేశాను, మీ అమ్మ వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. పిల్ల ఫోటోలు తర్వాత. ముందు నువ్వు దాన్ని ఉంచబోయే గది నేల ఫోటో తీసి పంపు, మూలలు కూడా కనబడేలా.

నీ పెద్దమ్మ