వాడేసిన సాల్వెంటు (కరిగించే ద్రవం) డ్రమ్ములకు ఏ హజార్డ్ క్లాసు (ప్రమాద తరగతి) పెట్టాలి? ఎవరు తేల్చాలి?

పైడిభీమవరంలో ఫార్మా యూనిట్ నుంచి వాడేసిన మిథనాల్, టోలిన్ కలిసిన సాల్వెంటు డ్రమ్ములు ఎత్తుతున్నామని, చలానాలో ‘స్పెంట్ సాల్వెంట్’ అని తప్ప ఇంకేం లేదని మీరు మాకు రాశారు. ఆ కాగితంతో లోడు ఎత్తకండి. సరుకేమిటో పూర్తిగా చెప్పాల్సింది పంపే కంపెనీయే. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో 131వ రూలు అదే చెబుతుంది. అయితే 132వ రూలు ప్రకారం వాళ్లిచ్చిన సమాచారం సరైనదేనని లారీ యజమాని కూడా రూఢి చేసుకోవాలి. తర్వాత ‘మాకు తెలీదు’ అంటే కుదరదు.

ప్రమాదకర సరుకులకి ఐక్యరాజ్యసమితి (యూఎన్) పెట్టిన పద్ధతిలో మొత్తం 9 క్లాసులు. మన వైపు ఫార్మా లోడుల్లో ఎక్కువగా తగిలేవి 3 (మండే ద్రవాలు), 6.1 (విషాలు), 8 (ఆసిడ్లు, క్షారాలు). అప్పుడప్పుడు 4.3, అంటే నీళ్లు తగిలితే మండే గ్యాసు వదిలేవి, 5.1 ఆక్సిడైజర్లు కూడా వస్తాయి.

ద్రవం క్లాస్ 3 అవునో కాదో తేల్చేది ఫ్లాష్ పాయింటు, అంటే ద్రవం ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే అతి తక్కువ ఉష్ణోగ్రత. మూసిన కప్పు పరీక్షలో 60 డిగ్రీలు దాటకపోతే క్లాస్ 3. డీఎంఎఫ్ అనే సాల్వెంటుకి 58 దగ్గర ఉంటుంది కాబట్టి క్లాస్ 3లోకి వస్తుంది, డీఎంఎస్‌ఓ అనే దానికి 87 దగ్గర కాబట్టి రాదు. చూపుకి రెండూ ఒకలాగే ఉంటాయి. ఫ్లాష్ 23 లోపు ఉండి, మరిగేది 35 డిగ్రీలు దాటాక అయితే ప్యాకింగ్ గ్రూప్ (ప్రమాద తీవ్రత చెప్పే అంకె) 2. ఫ్లాష్ 23 నుంచి 60 మధ్య అయితే గ్రూప్ 3. 35 లోపే మరిగేదైతే గ్రూప్ 1, అన్నిటికన్నా ప్రమాదం.

ఇక మీ సరుకు. ప్రమాదకర సరుకుకి యూఎన్ ఇచ్చే నంబరు చూస్తే ఉత్త మిథనాల్ యూఎన్ 1230, ఉత్త టోలిన్ యూఎన్ 1294. రెండూ కలిస్తే ఆ నంబర్లు పనికిరావు. మిథనాల్ బాగా ఉంటే యూఎన్ 1992, క్లాస్ 3, దానికి తోడు 6.1 లేబుల్, గ్రూప్ 2. సరుకు పేరు పక్కన బ్రాకెట్లో మిథనాల్, టోలిన్ అని రాసి తీరాలి. విషం లెక్కకి రానంత తక్కువ మిథనాల్ ఉంటే యూఎన్ 1993. ఆసిడ్ కలిసి తినేసే గుణం వచ్చిందంటే యూఎన్ 2924 వైపు వెళ్లొచ్చు. అందుకే ఏ బ్యాచ్‌కి ఆ బ్యాచ్ అనాలిసిస్ అడగాలి, పోయిన నెల కాగితం చెల్లదు. డైక్లోరోమీథేన్ కలిసిన సాల్వెంటుతో మరీ జాగ్రత్త. అది ఫ్లాష్‌ని అణచిపెట్టి పరీక్షలో మండనట్టు చూపిస్తుంది. అది ముందు ఆవిరైపోయాక మిగిలింది అంటుకుంటుంది.

డ్రమ్ము మీద అచ్చు చదవడం కలాసీలకీ నేర్పండి. 1ఏ1 అంటే మూత ఊడిరాని ఇనుప డ్రమ్ము, 1హెచ్1 అంటే అలాంటిదే ప్లాస్టిక్‌ది. తర్వాత వచ్చే ఎక్స్ అన్ని గ్రూపులకీ, వై 2, 3 గ్రూపులకీ, జెడ్ ఒక్క 3కే. దాని పక్క అంకె ఆ డ్రమ్ములో పోయదగిన ద్రవానికి గరిష్ఠ సాంద్రత. 1.4 అని ఉన్న డ్రమ్ములో 98 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోయకూడదు, దాని సాంద్రత 1.84. ప్లాస్టిక్ డ్రమ్ముకి తయారైన నాటి నుంచి 5 ఏళ్లే. మూతి దాకా నింపకండి. 55 డిగ్రీల దగ్గర కూడా పైన ఖాళీ మిగలాలి. లేకపోతే ఎండలో హైవే మీద డ్రమ్ము ఉబ్బి బంగు (మూతి బిరడా) దగ్గర కారుతుంది.

లారీకి రెండు పక్కలా, వెనకా ఎమర్జెన్సీ ప్యానెల్ (సరుకు, దాని ప్రమాదం వివరాలు చెప్పే పలక) ఉండాలి. క్లాస్ లేబుల్ 250 మిల్లీమీటర్ల చదరం, సరుకు పేరు కనీసం 50 మిల్లీమీటర్ల అక్షరాల్లో. వ్యర్థం కాబట్టి ఫారం 9 ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే కార్డు), ఫారం 10 మ్యానిఫెస్టు (వ్యర్థం ఎవరి నుంచి ఎవరికి వెళ్తుందో చూపే పత్రం) కూడా కావాలి. డ్రైవర్ లైసెన్సు మీద హజార్డస్ ఎండార్స్‌మెంట్ (ప్రమాదకర సరుకు నడిపేందుకు అనుమతి ముద్ర) చూసుకోండి.

తిరుగు లోడులో ‘ఖాళీ’ డ్రమ్ములు వేస్తామంటే, కడిగిన రుజువు అడగండి. కడగని సాల్వెంటు డ్రమ్ము నిండుగా ఉన్నప్పటి క్లాసులోనే ఉంటుంది. లోపలి ఆవిరి నిప్పురవ్వకి పేలుతుంది. బంగు బిగించి, లేబుల్ ఉంచే ఎక్కించాలి.