చిట్టీ, చేతులు మాత్రం వెడల్పు పెట్టకు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "ఢిల్లీ చలికి నైట్ డ్రెస్ తనే కుట్టుకుంటుందంట అక్కా, సెకండ్‌హ్యాండ్ మిషన్ కూడా కొనేసింది" అని నవ్వింది. గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని కాలేజీకి పోయినదానివి నువ్వు! ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కందుకూరులో మిషన్ తొక్కుతున్నాను, మన పిల్లల్లో ఒక్కరికైనా సూదిలో దారం ఎక్కించడం వస్తుందా అని నాలో నేను అనుకునేదాన్ని. అందుకే వినగానే సంతోషమేసింది. రాత్రికి అదంతా టెన్షన్‌గా మారింది. ఇక్కడ మూడు రోజులుగా ముసురు, నిద్ర ఎటూ పట్టదు. ఫోన్లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు కాబట్టి రాస్తున్నా.

గుడ్డ నూలు ఫ్లానెల్ తీసుకో, అదే, పైన మెత్తగా నూగుండేది. కొట్లోవాళ్ళు మెత్తగా ఉందని, చవకని ఫ్లీసు చూపిస్తారు. కొనేముందు చిన్న ముక్క అడిగి తెచ్చుకో. సింకు దగ్గర నిలబడి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించు. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు. కరిగి నల్లటి గట్టి పూసలా చుట్టుకుందంటే సింథటిక్. అది మంటకి కరిగి ఒంటికి అతుక్కుంటుంది, ఊరికే ఇచ్చినా వద్దు. ఉన్ని అన్నిటికన్నా మేలు, తొందరగా అంటుకోదు. కానీ గుచ్చుకుంటుంది, ఖరీదు కూడా.

36 అంగుళాల పన్నా అయితే చొక్కాకీ పైజామాకీ కలిపి 5 మీటర్లు చాలు. నువ్వు అయిదున్నర కొను. కత్తెర పెట్టకముందే వేడినీళ్ళలో నానేసి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. ఫ్లానెల్ మీటరుకి రెండు మూడు అంగుళాలు లాగేస్తుంది. కుట్టాక లాగితే పైజామా పిక్కల మీద ఆగుతుంది, చలంతా అక్కడే దూరుతుంది. కోసేటప్పుడు గుడ్డని పిల్లి వీపు నిమిరినట్టు నిమిరి చూడు. నున్నగా పోయే వైపు అన్ని ముక్కలకీ కిందికే రావాలి, లేకపోతే వెలుతుర్లో ఒక కాలు ఒక రంగు, ఇంకో కాలు ఇంకో రంగు.

సూది 14 నంబరు, గుడ్డ మరీ మందమైతే 16. కుట్టు కాస్త పెద్దది పెట్టుకో. బాబిన్ కింద నూగు పేరుకుంటుంది, బ్రష్‌తో దులుపు. కొలతలకి బాధపడకు, నీకు బాగా వదులుగా ఉండే పాత పైజామా మడిచి గుడ్డ మీద పరిచి, కుట్టుకి అంగుళం వదిలి గీసుకో. ఖాజాలు కష్టం. ఖాజాలంటే నీకు నెల్లూరు మలై కాజాలే తెలుసు! ముందు అయిదారు పాత గుడ్డ మీద వేసి చెయ్యి తిప్పుకో.

ఇవన్నీ తప్పులు పోయినా విప్పి కుట్టుకోవచ్చు. అసలు విషయం చేతులు.

మీ అమ్మ ముంజేతి మీద తెల్లటి మచ్చ ఉంది కదా. గారెల నూనె చిందిందని నీకు చెప్పింది, అందరికీ అదే చెప్పింది. అది నేను కుట్టిన నైటీ వల్ల అయిన మచ్చ.

నీకప్పుడు పద్దెనిమిదో రోజు. ధనుర్మాసం. బాలింతకి చలి తగలకూడదని నెల్లూరు పోయి లేత గులాబీరంగు ఫ్లానెల్ తెచ్చాను. ఊళ్ళో నా పనికి అప్పుడప్పుడే పేరొస్తోంది. మామూలుగా కుడితే నా గొప్ప ఏముంది? మోచేతి దగ్గర్నుంచి గంటలా విచ్చుకునే చేతులు పెట్టాను, ఒక్కోదానికి 22 అంగుళాల చుట్టు. మా అమ్మ చూసి "ఏందే ఇది, పిల్లకి పాలిచ్చుకోవడానికా, నాటకమాడటానికా?" అంది. "నీకు తెలీదులే అమ్మా, ఫ్యాషన్" అన్నాను.

మర్నాడు పొద్దున అమ్మ నిన్ను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి, తుడిచి, పొగకి ఎత్తి పట్టుకుంది. మీ అమ్మ వంగి కుంపటిలో సాంబ్రాణి చల్లబోయింది. ఆ చెయ్యి అంచు నిప్పుల్ని తాకింది. ఫ్లానెల్ మీద నూగుంటుంది చూడు, మంట ఆ నూగు మీదే నీలంగా, సన్నగా, చప్పుడు లేకుండా మోచేతిదాకా పరిగెత్తింది. గుడ్డ అంటుకుంది ఆ తర్వాత. నేను గుమ్మంలో ఉన్నాను, మూడడుగుల దూరం. కాలు కదల్లేదు. అమ్మ ఒక చేత్తో నిన్ను పట్టుకునే, నీకు పోయగా మిగిలిన బకెట్ ఎత్తి మీ అమ్మ మీద కుమ్మరించింది. నువ్వు ఏడవలేదు, తుమ్మావు.

పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి దోసెల పిండి పూసింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ పిండంతా కడుగుతుంటే మీ అమ్మ పెట్టిన కేకలు నాకింకా చెవుల్లో ఉన్నాయి. కాలితే పిండీ, పేస్టూ ఏమీ పూయకూడదు, పంపు కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు, అంతే. రిక్షాలో తిరిగొస్తూ, నొప్పికి పళ్ళు బిగబట్టుకుని, ఆ గారెల నూనె కథ మీ అమ్మే అల్లింది. "నీ నైటీ అంటుకుందని తెలిస్తే నీ దగ్గరికి ఎవరొస్తారక్కా?" అంది. ఆ సంక్రాంతికి నాకు 40 జాకెట్లు వచ్చాయి.

అప్పట్నుంచి ఎవరు ఎంత డబ్బిస్తానన్నా వెడల్పు చేతుల నైటీ కుట్టలేదు. ఎందుకని అడిగితే నాకు రాదని చెప్పాను.

అందుకే చెబుతున్నా, మణికట్టు దగ్గర బిగువుగా, సాగే రిబ్బు పట్టీ వెయ్యి. కుచ్చులొద్దు, వేలాడే నాడాలొద్దు, పైజామా నేల మీద ఈడవకూడదు. ఢిల్లీలో జనవరిలో తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీలకి పడిపోతుందంటున్నారు, హీటర్ వద్దంటే నువ్వు వింటావా? మంచానికి మూడడుగుల దూరంలో పెట్టు, దాని మీద సాక్సులు ఆరేయకు, పడుకునే ముందు ఆపెయ్యి. ఇంటివాళ్ళు బొగ్గుల కుంపటి ఇస్తే మాత్రం గదిలోకి రానివ్వకు. తలుపులు మూసి పడుకుంటే ఆ గ్యాసుకి వాసన కూడా రాదు, పడుకున్నవాళ్ళు లేవరు.

ఎక్కువ భయపెట్టానా? నీకు చలెక్కువ, నాకు తెలుసు. చిన్నప్పుడు ముసురు పట్టిందంటే నా మిషన్ పక్కన గుడ్డల మూటలో దూరి నిద్రపోయేదానివి, నేను తొక్కడం ఆపితే లేచి ఏడ్చేదానివి. మా ఊరు నేను పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు, తర్వాత అదే ప్రకాశమైంది, 2022లో మళ్ళీ నెల్లూరన్నారు. మిషన్ మాత్రం ఆ కిటికీ పక్కనే ఉంది. మూట కూడా.

నా పాత కత్తెర సాన పట్టించి పార్శిల్ చేస్తున్నా. దాంతో కాగితం కోశావంటే ఊరుకోను. రిబ్బు పట్టీలు నేనే కోసి అందులో పెడతా, మణికట్టు కొలత రేపే ఫోన్లో చెప్పు. గాజులు తీసి కొలువు.

మీ పెద్దమ్మ