‘పర్పుల్ పొటాషియం’ అంటే మీ జోకు నచ్చలేదని కాదు

కందుకూరు నుంచి మీరు అడిగింది ఇదీ: తెలుగు వార్తల సైట్లలో ‘నేత’ అని ఉన్నచోటల్లా ‘పెద్దాయన’ అనీ, ‘అభివృద్ధి’ అని ఉన్నచోటల్లా ‘సూద్దాంలే’ అనీ మార్చే పేరడీ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) రాశారు. క్రోమ్ వెబ్ స్టోర్‌కి పంపితే ‘పర్పుల్ పొటాషియం’ అనే మెయిల్‌తో తిరిగొచ్చింది. అసలు పేరడీలను ఒప్పుకోరా, అప్పీల్ చేయాలా అని మీ టెన్షన్.

మీ వెటకారం జోలికి ఎవరూ రాలేదు. ఆ రంగు, ఆ మూలకం పేరు స్టోర్ వాళ్ల కోడ్. పర్పుల్ పొటాషియం అంటే పనికి అవసరం లేని పర్మిషన్లు అడిగారని అర్థం. ఎల్లో జింక్ వస్తే వివరణో, ఐకానో, స్క్రీన్‌షాట్లో సరిగా లేవని. బ్లూ ఆర్గాన్ వస్తే మానిఫెస్ట్ వి3 అనే ఎక్స్‌టెన్షన్ల నియమాలతో గొడవ, ముఖ్యంగా నడిచే కోడ్‌ని బయటి సర్వర్ నుంచి తెచ్చుకుంటున్నారని. ఎల్లో మెగ్నీషియం అంటే చెప్పిన పని చేయడం లేదని.

మీరు పెట్టిన మానిఫెస్ట్, అంటే ఎక్స్‌టెన్షన్‌కి ఏ పర్మిషన్లు కావాలో రాసే ఫైలు, చూశాను. ట్యాబ్స్, హిస్టరీ, ఆల్ యూఆర్‌ఎల్స్! నాలుగు మాటలు మార్చడానికి జనం బ్రౌజింగ్ హిస్టరీ ఎందుకు సామీ? ట్యాబ్స్ అనేది చాలామంది అలవాటుగా పెట్టేస్తారు. కొత్త ట్యాబ్ తెరవడానికి దాంతో పనిలేదు, ట్యాబ్ అడ్రసూ టైటిలూ చదవాలంటేనే కావాలి. మీది కొన్ని వార్తల సైట్ల మీదే నడుస్తుంది కాబట్టి కంటెంట్ స్క్రిప్ట్ (పేజీలో నడిచే కోడ్) ‘మ్యాచెస్’లో ఆ సైట్ల అడ్రసులే రాయండి. అన్ని సైట్ల మీదా హక్కు అడిగితే రివ్యూకి పట్టే సమయం కూడా పెరుగుతుంది. ఇందులో అప్పీల్ చేయడానికేమీ లేదు. సరిదిద్ది, వెర్షన్ నంబరు పెంచి మళ్లీ పంపడమే.

ఇక నా సంగతి. మాది కావలి వైపు. ఇంట్లో ఏ మాట మొదలైనా రొయ్యల చెరువు దగ్గర తేలుతుంది. ‘మీరు ఇంత ఆదా చేశారు’ అని ఊదరగొట్టే షాపింగ్ ఎక్స్‌టెన్షన్ల మీద పేరడీగా నేనొకటి రాశాను. పేజీలో ధర ఎంత ఉంటే, అది ఎన్ని కిలోల వంద కౌంట్ (కిలోకి వంద తూగే) రొయ్యలతో సమానమో పక్కన చూపిస్తుంది. కిలో 250 అని పెట్టుకుంటే 3,500 రూపాయల మిక్సీ 14 కిలోలవుతుంది. రొయ్యల రేటు పడిపోతే మిక్సీ ఖరీదెక్కుతుందా అని మా బాబాయి అడిగాడు. ఎక్కుతుంది, వెటకారమంతా అక్కడే ఉంది.

అది ఇబ్బంది లేకుండా స్టోర్‌లోకి వెళ్లింది. నవ్వంతా ఎక్స్‌టెన్షన్ లోపలే ఉంచాను, ఫారం మాత్రం బ్యాంకు లోన్ దరఖాస్తులా నింపాను. ‘సింగిల్ పర్పస్’ గడిలో రాసింది ఇంతే: ‘వాడేవారు బటన్ నొక్కినప్పుడు, తెరిచి ఉన్న పేజీలోని రూపాయి ధరలను వారు ఇచ్చిన రేటు ప్రకారం రొయ్యల కిలోలుగా లెక్కకట్టి చూపుతుంది. ఇది హాస్యం కోసం.’ కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య అనీ, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదనీ వివరణలో చేర్చాను. మనకు చెప్పక్కర్లేదు గానీ, ఎక్కడో కూర్చుని రివ్యూ చేసే మనిషికి తెలియదు కదా. రేటు రోజూ మారుతుంది, సర్వర్ నుంచి తెప్పించవచ్చు. కావాలనే తెప్పించలేదు, వాడేవాళ్లే సెట్టింగ్స్‌లో కొట్టుకోవాలి. దాంతో యాక్టివ్‌ట్యాబ్, స్క్రిప్టింగ్, స్టోరేజ్ అనే మూడు పర్మిషన్లే సరిపోయాయి, ప్రైవసీ పేజీలో ఏ డేటా సేకరించడం లేదని నిజంగానే చెప్పగలిగాను. 1280×800 స్క్రీన్‌షాట్లకు కూడా ఏ షాపింగ్ సైట్‌నీ వాడలేదు. మిక్సీ, బకెట్, గొడుగు పెట్టి సొంతంగా ఒక ఉత్తుత్తి పేజీ తయారుచేసుకున్నాను.

మీకు ఈసారి అడ్డం వచ్చేది బహుశా ఐకాన్. న్యూస్ ఛానెల్ లోగోను కొంచెం వంకర తిప్పి పెట్టారు. చూసినవాళ్లు ఇది ఆ ఛానెల్ వాళ్లదే అనుకుంటే అది స్టోర్ వాళ్ల దృష్టిలో మోసం కిందికి వస్తుంది, పేరడీ అన్నా వినరు. లోగో తీసేసి ఒంగోలు గిత్త బొమ్మ సొంతంగా గీసి పెట్టండి, ఇంకా నవ్వొస్తుంది. ‘జిల్లాలోనే మొట్టమొదటి ఏఐ పెద్దాయన’ అన్న వాక్యం కూడా వివరణలోంచి తీసేయండి. అందులో ఏఐ ఎక్కడుందని వెతుకుతారు. టెస్ట్ సూచనల గడిలో ఏ పేజీ తెరిస్తే ఏ మాట మారుతుందో రాయండి. రివ్యూ చేసేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు.

కోడ్‌లో ఒక చిక్కుంది. మాట హద్దు కోసం రెజెక్స్‌లో (మాటల్ని వెతికి పట్టే నమూనాలో) వాడే బ్యాక్‌స్లాష్ బి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌లనే గుర్తిస్తుంది. అది తెలుగుకు పనిచేయడం లేదని మీరు తీసేసినట్టున్నారు. ఫలితం చూశారా? ‘చేనేత’ కాస్తా ‘చేపెద్దాయన’ అవుతుంది, ‘నేతి బొబ్బట్లు’ ‘పెద్దాయని బొబ్బట్లు’ అవుతాయి. చీరాల చీరల వార్త మీద పెట్టి చూడండి. ‘యూ’ ఫ్లాగ్ పెట్టి, మాటకు ముందూ వెనకా యూనికోడ్ అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ ఉండకూడదని లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్ రాయండి. గుణింతాన్ని వదిలేస్తే బొబ్బట్ల గొడవ అలాగే ఉంటుంది. తర్వాత ‘కు, ను, తో, లు’ లాంటి ప్రత్యయాలను విడిగా అనుమతించాలి, లేకపోతే ‘నేతకు’ మారదు.

టైప్ చేసే పెట్టెల జోలికి మాత్రం పోవద్దు. 2018లో న్యూయార్క్ టైమ్స్ వ్యాసంలోకి ఇలాగే మాటలు మార్చే ఒక వెటకారపు ఎక్స్‌టెన్షన్ మాటలు దూరిపోయాయి. ‘గ్రేట్ రిసెషన్’ అనాల్సిన చోట వేరే పదాలు అచ్చయి, సవరణ వేసుకున్నారు. మీ ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్న విలేకరి కలెక్టరేట్ వార్త దిద్దుతుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

తొందరైతే ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ స్టోర్లలోనూ పెట్టండి. క్రోమ్‌కి ఒకసారి కట్టే 5 డాలర్ల లాంటి రుసుము వాటికి లేదు. కొత్త మానిఫెస్ట్ రాశాక ఇక్కడే పెట్టండి, చూస్తాను. హిస్టరీ మళ్లీ కనిపిస్తే మాత్రం బాగోదు.