మనవలతో హైదరాబాద్‌లో ఒక రోజు: పన్నెండు కొట్టేసరికి గడియారం ముందు ఉండండి

సెలవులకు వస్తున్న మనవలకు ఒక్క రోజులో హైదరాబాద్ ఏమేం చూపించవచ్చు, మోకాళ్ల నొప్పులతో తిరగగలనా అని అడిగారు. నాకు అరవై ఆరేళ్లు, మోకాళ్ల బాధ నాకూ ఉంది. అందుకే రాస్తున్నాను.

పోయినేడాది ఖమ్మం నుంచి మా అమ్మాయి పిల్లలు వచ్చారు. వాడికి తొమ్మిది, దానికి ఆరు. పొద్దున జూపార్కు, మధ్యాహ్నం చార్మినార్, సాయంత్రం ట్యాంక్‌బండ్ అని పెట్టుకున్నాను. జూలోనే పిల్లలు అలిసిపోయారు. చార్మినార్ దగ్గర ఎండకి చిన్నది ఒకటే ఏడుపు. ట్యాంక్‌బండ్ చేరేసరికి ఇద్దరూ ఆటోలో నిద్రపోయారు, బుద్ధుడి విగ్రహాన్ని నేనొక్కదాన్నే చూశాను. ఆ రాత్రి పిల్లకి జ్వరం వచ్చింది. నా తొందర వల్లే కదా అని చాలా బాధపడ్డాను.

ఈ ఏడాది ఒక్కటే అనుకున్నాను, సాలార్‌జంగ్ మ్యూజియం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, అక్కణ్నించి ఆటో. పదకొండున్నరకల్లా లోపల ఉన్నాం. నేరుగా గడియారం దగ్గరికే వెళ్లండి. గంట కొట్టే వేళకి జనం పోగవుతారు, ముందే వెళ్తే పిల్లలకి చోటు దొరుకుతుంది. ఆ గడియారంలో ఒక చిన్న కమ్మరి సెకను సెకనుకీ సుత్తితో కొడుతూనే ఉంటాడు. గంట అయ్యే వేళకి గడ్డం ఉన్న ఇంకో చిన్న మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎంతయితే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. మా పిల్లలు పన్నెండూ పైకి లెక్కపెట్టారు. పక్కనున్న పెద్దవాళ్లు కూడా వాళ్లతో కలిశారు. ఆ నిమిషం కోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

తర్వాత బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన రెబెకా విగ్రహం. పాలరాతి ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది. "అమ్మమ్మా, ఆ ముసుగు తడిసిందా?" అని అడిగింది మా చిన్నది. రాయి అని చెప్పినా నమ్మలేదు. వాడికేమో ఒకే చెక్కలో ముందు ఒక మనిషి, వెనక ఇంకో మనిషి ఉన్న బొమ్మ నచ్చింది. వెనకాల అద్దం ఉంటుంది. అందులో ఆడపిల్ల, ఇటు చూస్తే మగవాడు. అటూ ఇటూ పరిగెడుతూనే ఉన్నాడు. మిగతా గ్యాలరీలన్నీ చూపించాలని నేను పట్టుబట్టలేదు. పిల్లలు ఆగిన చోట ఆగాను, కుర్చీ కనిపించిన చోట కూర్చున్నాను.

బయటికొచ్చి ఇడ్లీలు తిని, నయాపూల్ దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. హైదరాబాద్‌లో పెద్దవాళ్లు పిల్లలకి తప్పకుండా చూపించాల్సిన చెట్టు అది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. "ఈ కాసిని నీళ్లా అమ్మమ్మా?" అన్నాడు మనవడు, వంతెన మీద చూసిన మూసీ గుర్తొచ్చి. మళ్లీ అలాంటి వరద రాకూడదనే గండిపేట చెరువు కట్టారనీ, మీ తాతయ్య చిన్నప్పుడు తాగింది ఆ నీళ్లేననీ చెప్పాను. చెట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. మూడున్నరకి ఇంట్లో ఉన్నాం.

చార్మినార్ కింద నుంచి చూడండి చాలు. పైకి 149 మెట్లు, ఇరుకుగా మెలికలు తిరిగి ఉంటాయి, మన మోకాళ్లకి వద్దు. మీ నంబరు కాగితం మీద రాసి పిల్లల జేబుల్లో పెట్టండి. జేబు లేని గౌనైతే లోపలివైపు పిన్నుతో పెట్టండి. జనంలో చెయ్యి వదిలితే ఎంత టెన్షనో మీకు తెలుసు.

మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకి సోమవారం. పన్నెండుకి కుదరకపోతే పదకొండు గంటకైనా వెళ్లండి. ఒంటిగంటకి మాత్రం వద్దు, అంతసేపు ఎదురుచూసిన పిల్లలకి ఒక్క దెబ్బే వినిపిస్తుంది.